నాకా నర్సప్ప మోసిన బొంత

"మామా, నువ్వు చెప్పిన పాటలన్నీ ఒక ఊరోళ్ళు కట్టినవే, ఒక ఏటి మీదివే గదా. మరి హుసేనప్ప పాటకూ నర్సప్ప పాటకూ పొంతనే లేదు, యాల?"

యాలంటే యాం జెప్పేది అల్లుడా. ఏరు ఒకటే గానీ ఒడ్లు రెండు గదప్పా. కూచో. ఆ మంచం ఎండలో ఉండాది, ఇట్ల నీడకు లాక్కో. టీ తాగుతావా? ఇదో, ఈ చెంబులో ఉండాది. నువ్వు తాగకపోయినా నేను తాగుతా. మీ అత్తకు ఇనపడకుండా మెల్లగ మాట్లాడుకుందాం, లేకుంటే నేను ఒకటి చెప్తే ఆయమ్మ నాలుగు దిద్దుతాది.

ఇను. నేను చదివింది ఎనిమిదో తరగతి, అది గూడా పాసయినానో లేదో ఇంతవరకూ ఎవురూ చెప్పలేదు. ఛందస్సు గిందస్సు నాకు రాదు. కానీ ఆ ఇద్దర్నీ పక్కన నిలబడి చూసినోన్ని, ఆళ్ళ పాటలకు చెక్కలు కొట్టినోన్ని. నన్నడిగితే పాట కట్టేటోనికి పాట యాన్నుంచి వస్తాదంటే, చిన్నప్పుడు వాళ్ళమ్మ ఏం జెప్పి పెంచిందో, వాళ్ళ నాయన ఏం పని జేస్తాండెనో, ఆన్నుంచే వస్తాది.

అప్పుడు మనం ఇంకా మద్రాసోళ్ళ కిందనే. ఆంధ్ర రాష్ట్రం వస్తాది వస్తాది అంటాండ్రి గానీ రాలేదు. మంత్రాలయం నుంచి ఏటెంబడి కిందికొస్తే మా ఊరు. ఏటికి ఆ పక్క నైజాం. నవాబు దొరతనం పొయ్యి కొన్నేండ్లయినా మా నోటికి అది నైజామే. ఆన్నే మీ ఊరు గూడా. మీ అమ్మను ఆ పక్కకే ఇచ్చింటిమి గదా. మా ఊర్లో సగం ఇండ్లోళ్ళు కూతుర్లను ఆ పక్కకిచ్చినోళ్ళే, సగం మంది కోడండ్లు ఆ పక్కనుంచి వచ్చినోళ్ళే. అయినా గానీ ఆ పక్కోళ్ళంటే మాకు అనుమానం, మేమంటే ఆళ్ళకు అనుమానం.

నవ్వుతాండావా? నవ్వాకు. కొత్తోడు ఎవడన్నా ఊర్లోకొస్తే మేం ముందు వాని మొగం చూడం, పంచె అంచు చూస్తాం. తడిసింటే ఏరు దాటొచ్చినోడు, వీడు ఎవని వేగువాడో అనుకుంటాంటిమి. పొడిగుంటే దావెంట దర్జాగా వచ్చినోడు, అంటే సర్కారోడేమో అనుకుంటాంటిమి. తడిసినా తప్పే, తడవకపోయినా తప్పే. మా చిన్నాయన ఒగాయన ఉండె, సొంత వియ్యంకుడొస్తే గూడా నీళ్ళ చెంబిచ్చి, కాళ్ళు కడుక్కునేటప్పుడు వంగి పంచె జూస్తాండె.

అందుకు కారణం గూడా ఉండాదిలే. అప్పుడు తిండిగింజల మీద కంట్రోలు. చీటీ లేకుండా పిడికెడు జొన్నలు ఏరు దాటగూడదు. ఈ పక్క ఒడ్డున కంట్రోలు ఇన్‌స్పెక్టరు తిరుగుతాండె, ఆ పక్క ఒడ్డున సుంకం వసూలు చేసే చౌకీ, నాకా అంటాండ్రి దాన్ని. ఏం దీసకపోయినా ఆపి గెలికి చూసేటోళ్ళు. ఆ యేడు నైజాం పక్క పంటే లేదు. మా ఆడోళ్ళు ఊరుకుంటారా? కూతురింట్లో తిరగలి తిరగడం లేదని తెలిస్తే ఏ తల్లికైనా ముద్ద దిగుతాదా? దాటిస్తాండ్రి. యెట్ల దాటిస్తాండ్రో మాకు మొగోళ్ళకు తెలిసీ తెలీనట్ల ఉంటాంటిమి.

హుసేనప్ప సంగతి చెప్తా ముందు. దూదేకులాయన, మా ఊరి చెక్కభజనకు గురువు. రామునిదైనా కిష్ణునిదైనా పాట ఆయప్ప కట్టాల్సిందే. ఆయప్పకు తండ్రి లేడు. తల్లి ఈ పక్కవి ఆ పక్కకు, ఆ పక్కవి ఈ పక్కకు దాటించి సాకింది. పొగాకు, చింతపండు, ఏది దొరికితే అది. పొద్దున పోతూ బిడ్డకు ఒకే మాట నేర్పి పోతాండెనంట: ఎవురన్నా మీ అమ్మ యాడికి పోయిందంటే 'ఇట్ల' అను, మల్లా అడిగితే నవ్వు, ఇంకా అడిగితే ఏడువు అని. ఇంగ ఆ పిల్లోడు ముసలోడయినా అంతే. హుసేనప్పా యాడికి పోతాండావంటే 'ఇట్ల' అంటాండె. ఏం దిన్న్యావు సామీ అంటే 'ఆకలి తీరిందిలే' అంటాండె. సొంత కొడుకు పెండ్లికి మమ్మల్ని పిల్చింది యెట్లనుకున్నావు? 'బేస్తవారం రోంత ఖాళీగా ఉండండి' అనె, అంతే.

పాట గూడా అట్లనే. పెండ్లాం సచ్చిపోయినప్పుడు కట్టిన పాట ఉండాది, నీకు పాడి వినిపిస్తి గదా మొన్న. దాంట్లో ఆడమనిషే ఉండదు. కపిల బాయికాడ గిలక సప్పుడు ఆగిపోయిందనీ, ఎద్దులు ఎనక్కి తిరిగి చూస్తాండాయనీ, అంతే ఉంటాది. ఇన్న ఆడోళ్ళు గుడ్ల నీళ్ళు పెట్టుకుంటాండ్రి. ఎందుకు ఏడుస్తాండారో చెప్పమంటే ఎవురూ చెప్పలేకపోయిరి.

ఇంగ నర్సప్ప. వాళ్ళమ్మది మా ఊరే. ఆ పక్క నాకాలో పనిజేసే బంట్రోతుకిచ్చిరి. నర్సప్ప ఆ నాకా అరుగు మీదనే పుట్టి పెరిగినట్ల. బస్తాల్లో ఏముందో చూసేదానికి ఇనుప చువ్వ ఒకటి ఉంటాది, దాన్ని గుచ్చి తీస్తారు. మన పిల్లోళ్ళు బొంగరం ఆడుకున్నట్ల వాడు ఆ చువ్వతో ఆడుకున్న్యాడు. చువ్వకు అంటుకోని వచ్చేదాన్ని నాలిక మీద పెట్టుకోని, నాయనా ఇది బెల్లం, ఇది పొగాకు అని చెప్తాంటే వాళ్ళ నాయన మురిసిపోతాండెనంట. తండ్రి పోయినంక ఆ కొలువు ఇంగొకనికి పాయె, ఇల్లు గూడా నాకాదే గాబట్టి కాలీ జెయ్యమనిరి. వాడు పెండ్లాం ఈరమ్మను ఎంటబెట్టుకోని మా ఊర్లో వాళ్ళ అవ్వ ఇడిచిపోయిన గుడిసెలోకి వచ్చి పడె.

పంచె తడిసే ఉండె. మా చిన్నాయన చూసినాడు.

ఇంగ చూసుకో. నాకావాని కొడుకంట, వేగు పంపించిరంట, మన దావలన్నీ చూసి చెప్తాడంట. ఎవురూ పనికి పిలవరు. ఎవురూ చేను కోరుకు, అంటే పంటలో పాలుకు, ఇయ్యరు. ఈరమ్మ ఏటికి నీళ్ళకొస్తే అంతవరకూ వాగుతాండే ఆడోళ్ళు ఒక్కసారిగా నోరు మూసుకుంటాండ్రి. ఆ పిల్ల బిందె నింపుకోని వంచిన తల ఎత్తకుండా పోతాండె.

వాడైనా కుదురుగ ఉంటాడా? ఉండడు. చేతిలో సంచి కనపడితే ఎత్తి చూస్తాడు. తలనొప్పి అంటే ఏ పక్కన, ఎప్పటినుంచి, రాత్రి ఏం తింటివి అంటాడు. ఒగరింట్లో పెండ్లి జరిగితే పాట పాడతానని లేచి, పెండ్లికూతుర్ని చూసి, కొంగు ముడిలో ఏముందమ్మా, కంట్లో నీళ్ళు ఎవరికమ్మా, ఏ మాట దాచిపెట్టి పీటల మీద కూచున్నావమ్మా అని పాడె. మొగపిల్లోని తరపోళ్ళు ఒకరి మొగాలొకరు చూసుకునిరి. పెండ్లి ఆగలేదు, అది ఆ పిల్ల అదృష్టం. గొంతు మాత్రం, ఏం చెప్పాలబ్బా, కొత్త కంచు మోగినట్ల ఉండె. వాడు పాడితే ఊరి అవతల తోలే కాడెద్దులు నిలబడతాండె.

వాడు మా కాడికొచ్చి ఒకటే అడిగె. నన్ను భజనలో కలుపుకోండి అని. అది చిన్న సంగతి గాదు అల్లుడా. మా ఊర్లో కొత్తోడు పాట కట్టి ఏరువాక పున్నమి నాడు ఊరందరి ముందర పాడాల. నచ్చితే గురువు వంగి వాని కాళ్ళకు గజ్జెలు కడతాడు. గజ్జెలు కట్టినంక వాడు ఊరోడే, పిలిచి చేనిస్తారు, వాని ఇంటికి నిప్పుకు పోతారు. కట్టలేదనుకో, మూట సర్దుకోవాల. ఈరమ్మ వానితో అనిందంట, ఈసారి గజ్జెలు రాకపోతే నేను ఈ ఊరి నీళ్ళు తాగను, యాడన్నా రాళ్ళు కొట్టుకుందాం పద అని.

ఏరువాక వచ్చె. ఎద్దుల కొమ్ములకు రంగు పూసిరి, బొబ్బట్లు తినిరి, పొద్దు వాలేటప్పటికి ఆంజనేయసామి గుడి ముందర అందరూ చేరిరి. ఆ పొద్దే ఇన్‌స్పెక్టరు గూడా ఊర్లో ఉండె. ఊరి పెద్ద రెడ్డి పిల్చుకోనొచ్చి కుర్చీ ఏసి ముందర కూచోబెట్టె. నున్నగ తల దువ్వుకోని, కాలు మీద కాలేసుకోని కూచున్న్యాడు. ఆడోళ్ళు ఈ పక్క. మాయమ్మ, అంటే మీ అవ్వ, ముందర వరసలోనే ఉండాది.

హుసేనప్ప తలాడించె. నర్సప్ప మొదలుబెట్టె. నాకు ఇప్పటికీ నోటికొస్తాది:

ఏరు దాటే తల్లి ఎత్తుకుంది బొంత
బాలింత బిడ్డకని చెబుతుంది అంత
కుట్టుకుట్టుకొక గింజ, పోగుపోగుకు గింజ
జొన్న చేనే నీవు మోస్తివమ్మ పంట

నా చేతిలో చెక్కలు ఆగిపాయె అల్లుడా. అదీ మా ఆడోళ్ళు చేసే పని! దూదికి బదులు జొన్నలు పరిచి, పైనా కిందా పాతచీరలేసి బొంతలు కుడతాండ్రి. బిడ్డ కాన్పుకు బొంత తీసకపోతాండామంటే ఎవురు కాదంటారు? వాడు చిన్నప్పుడు నాకాలో చూసినాడు దాన్ని. చూసింది చూసినట్ల, ఇన్‌స్పెక్టరు ముందర, గొంతెత్తి పాడతాండాడు. పైగా పొగుడుతాండాననుకుంటాండాడు పిచ్చోడు. మొగంలో ఎంత భక్తి ఉండెనో! గంపలో రొట్టెల కింద ఏముందో గూడా పాడబట్టె. ఆడోళ్ళల్లో ఒక్కరు కదల్లేదు. ఇన్‌స్పెక్టరు కాలు మీది కాలు దించె.

అప్పుడు హుసేనప్ప లేసినాడు. వాని నోరు మూయించలేదు. మూయిస్తే ఇంగేముంది, నిజమని ఒప్పుకున్నట్లే గదా. వాని రాగమే అందుకోని, అడుగేసుకుంటా ముందరికొచ్చి:

ఏరు గాదు కిష్ణా అది యమున రా నాయనా
గింజ గాదు కిష్ణా అది వెన్న రా నాయనా
దావకడ్డమొచ్చి దాచిందేమంటావు
దొంగిలించి తినే నోట దొంగలంటావు

అని పాడుతా, ఇన్‌స్పెక్టరు కుర్చీ చుట్టూ తిరిగి, చెక్కలు ఆయప్ప తలకాడ నెమలీక మాదిరి పట్టె. మేమందరం అందుకుంటిమి. ఆడోళ్ళు పాట మధ్యలోనే పక్కున నవ్విరి. గొల్లభామల్ని ఆపి సుంకమడిగే కిష్ణుడైపాయె ఆ మనిషి, కుర్చీలో కూచున్నట్లే. సిగ్గుపడి, మీసం దువ్వుకోని, తాను గూడా తొడ మీద తాళమేసె. నర్సప్ప ఒకడే నోరు తెరుచుకోని నిలబడిపాయె, నా పాట యాడికి పాయెరా అన్నట్ల.

గజ్జెలు మాత్రం కట్టలేదు. భజన అయిపాయె, హుసేనప్ప ఆ గజ్జెల మూట చంకలో పెట్టుకోని ఇంటికి పాయె. నర్సప్ప ఎంటబడి, నేను పొగిడినా గదన్నా, ఆ తల్లుల్ని పొగిడినా గదా అంటాంటే 'ఔ ఔ' అనుకుంటా పాయె.

ఇంగ ఇన్‌స్పెక్టరు. ఆయప్ప లేసి పోతా పోతా మాయమ్మ ముందర నిలబడి, బొంతలు గట్టిగ కుట్టుకోండమ్మా, ఈ యేడు చలి ఎక్కువుంటాదంట అనె. నువ్వే చెప్పు, వానలొచ్చే యాళ చలి మాటేంది? తెలిసి అనినాడా, ఊరికే అనినాడా? ఊర్లో అంతా దాని మీదనే మాటలు. పాటకు పడిపోయినట్ల నాటకమాడినాడని ఒకరు, లేదప్పా అమాయకుడని ఒకరు. ఆయప్ప అయితే ఊరొదిలి పోలేదు, పుట్టి కట్టేసే రేవుకాడనే గుడారమేసుకోని కూచున్న్యాడు. పుట్టి ఎరుగుదువు గదా, తోలుతో కడతారు, గుండ్రంగ బుట్ట మాదిరి ఉంటాది.

ఇంగ ఎవురు దాటుతారు? ఆడోళ్ళు ఇండ్లల్లోనే కూచునిరి. ఇట్లుండంగా పుట్టి నడిపే ఆయన మీ అమ్మ దగ్గర్నుంచి మాట మోసుకోనొచ్చె. నొప్పులు నేడో రేపో అన్నట్లుండాయి, ఇంట్లో గింజ లేదు, అత్తగారు చింతచెట్టు కింద రాలిన చింతగింజలు ఏరుకోనొచ్చి ఉడకేస్తాండాది అని. మీ అన్న అప్పుడు కడుపులో ఉండె. మాయమ్మ కుట్టిన బొంత మడత పెట్టింది పెట్టినట్లే మూలనుండాది. నేను పోతానంటి. నిన్ను చూస్తే గుర్తుపడతాడు, ఆ పొద్దు ముందర వరసలో చెక్కలు కొట్టినావు గదరా అని మాయమ్మ ఒప్పుకోలేదు.

ఆ పొద్దు మాపిటాల మాయమ్మ బొంత నెత్తినపెట్టుకోని గుడిసెల దిక్కు పాయె. నేను ఎనకాలే పోతి. నర్సప్ప గడప మీద కూచోని ఉండాడు, లోపల ఈరమ్మ మూట కడతాండాది. మాయమ్మ ఆ బొంతను వాని ముందర దించె.

"నువ్వు పాడితివి. నువ్వే మొయ్యి" అనె.

వాడు బొంతను చూసె, మాయమ్మను చూసె. వాని చెయ్యి దాని మీదికి పాయె, కుట్టు తడుముకుంటా. చిన్నప్పటి అలవాటు గదా.

ఊరు ఊరంతా మాయమ్మను తిట్టె. దొంగ చేతికి తాళమిచ్చినట్లాయె, నేరుగ పోయి ఇన్‌స్పెక్టరు ముందర పెడతాడు చూడు, బహుమానం గూడా తీసుకుంటాడు అని. నాకు గూడా అట్లనే అనిపిచ్చె, దాచేదేముంది. మరుసటి దినం పొద్దున్నే వాడు ఎలబారితే, నేను కంపచెట్ల చాటున ఏటిదాంక పోతి. చూసినా. నా కండ్లతో చూసినా. ఇన్‌స్పెక్టరు వాన్ని ఆపె. బొంత దించమనె. దించినాడు. ఆయప్ప ఒంగి బొంత మీద చెయ్యి పెట్టె. నర్సప్ప ఏదో చెప్పె. శానాసేపు చెప్పె అల్లుడా, చేతులు తిప్పుకుంటా. గాలి నా దిక్కు లేదు, ఒక్క ముక్క ఇనపళ్ళేదు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. లేసి, గుడారంలోకి పాయె. నర్సప్ప బొంత ఎత్తుకోని పుట్టి ఎక్కె. ఆ పక్క నాకాలో వాన్ని ఎత్తుకోని తిప్పినోళ్ళే ఇంకా ఉండారు. ఆన్న ఏం జరిగిందో మనకేం కనపడతాది?

మరుసటి దినం వాడు వచ్చె. చేతులూపుకుంటా వచ్చె, బొంత లేదు. ఊరంతా వాని గుడిసె కాడ చేరింటిమి. మాయమ్మ ఉండాది, హుసేనప్ప ఉండాడు. పంచె తడిసిందా అని ఒక్కడు గూడా చూడలేదు, అందరూ వాని నోరే చూస్తాండ్రి. ఇన్‌స్పెక్టరుకు ఏం జెప్పినావు? నాకాలో ఏమనిరి? చువ్వ గుచ్చిరా? నువ్వు ఆళ్ళకేం మాటిచ్చి వచ్చినావు? అని మా చిన్నాయన ఒక దాని మీద ఒకటి అడిగె.

నర్సప్ప అంటే ఏందనుకున్నావు, దావలో కుక్క అడ్డమొస్తే దాని రంగు గూడా చెప్పేటోడు. ఆ పొద్దు ఈరమ్మ ఇచ్చిన నీళ్ళు తాగె, మూతి తుడుచుకునె.

"ఏముంది. పొయ్యొచ్చినా" అనె.

అంతే. మల్లా అడిగితిమి. నవ్వె. హుసేనప్ప మెల్లగ లేసి, చంకలో గజ్జెల మూట తీసి, వాని ముందర వంగి కూచోని, ఒక్కొక్క పేటా కట్టె. మాయమ్మ ఈరమ్మను పిల్చి, పొయ్యిలో నిప్పు లేదు, రోంత ఇస్తావా అనె. మా ఇంట్లో పొయ్యి మండుతానే ఉండె.

చూడు విచిత్రం. వాడు ఉన్నదున్నట్ల చెప్పినన్ని దినాలు మాకు వాని మీద నమ్మకం కుదర్లేదు. దాచిన పొద్దు కుదిరె. మా ఊరు అట్లాంటిది, ఏం జేస్తాం. ఆ తర్వాత వాని పాటలు గూడా మారె. అడిగేది మానుకోలేదు, అది నాయన పెట్టిన గుణం, పోదు. కానీ అడిగి, జవాబు చెప్పకుండా ఆపేసేటోడు. నువ్వు వాని ముందటివీ తర్వాతవీ ఇని, ఒకనివేనా ఇవి అంటావేమో, అందుకే చెప్తాండా.

అయినా నాకొక అనుమానం ఉండాది అల్లుడా, ఇప్పటికీ పోలేదు. మీ అమ్మను అడిగి చూడు కావాలంటే. బొంత చేరేటప్పటికి ఒక మూల కుట్టు విప్పి మల్లా కుట్టి ఉండెనంట. గింజలు పోలేదు, అన్నీ ఉండాయి. కుట్టు మాత్రం మాయమ్మది గాదు, వంకరటింకర మొగోని చెయ్యి. ఇన్‌స్పెక్టరు విప్పించినాడని మా చిన్నాయన. కాదు, నాకావాళ్ళు అని పుట్టి ఆయన. నన్నడిగితే ఏటి మధ్యలో పుట్టిలో కూచోని వాడే విప్పి చూసింటాడు. ఉండబట్టలేక. చూసి, నాలిక మీద ఒక గింజేసుకోని, మల్లా కుట్టింటాడు. దబ్బళం యాన్నుంచి వచ్చిందంటావా? అదే నాకూ అర్థం కాలేదు. పోయేటప్పుడే ఎంట తీసకపోయినాడంటే మరి...

సరేలే. మీ అన్న నిన్న ఫోన్ జేసినాడా? ఆ జొన్నలతోనే మీ అమ్మ లేసి తిరిగింది, వాడు అంత లావయినాడు. చల్లగా ఉండాల వాడూ, వాని పిల్లోళ్ళూ. నువ్వు గూడా, నాయనా, నీ నోటికి మంచి పాట రావాల, అది ఇనేదానికి మంచి మనుషులు దొరకాల. ఇంగ ఆ టీ చల్లారిపోయినట్లుండాది, రోంత లోపలికి పొయ్యి మీ అత్తను... వద్దులే, నేనే పోతా. ఎవురికి టీ అని అడుగుతాది మల్లా.